తోడని నీళ్ళు

ఫిబ్రవరి 2

గుండె మెకానిక్కు గారికి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు నన్ను భయపడొద్దని చెప్పడానికే సరిపోయాయి. నేను భయపడుతున్నానని నీకెవరు చెప్పారురా? మీ అత్తయ్యా? ఆవిడ మాట నమ్మడం ఎప్పుడు మొదలుపెట్టావు?

ఒక్క ఫోనుతో పోయేదానికి మామా మేనల్లుళ్ళకి ఈ ఉత్తరాలేమిటని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు ఇవి. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు. కాగితం మీదయితే నువ్వు చెప్పింది రెండోసారి చదివి మరీ తిట్టొచ్చు.

విషయానికి వస్తాను. నా మనవరాలు, మా చిట్టెలుకకి ఐదు నెలలు. గుండెలో చిల్లు. నాలుగు గుక్కలు పాలు తాగేసరికి అలిసిపోయి కళ్ళు తేలేస్తోంది. దాన్ని నువ్వు పనిచేసే ఆసుపత్రికే తీసుకురమ్మన్నావు. మీ డాక్టరు గుండె ఆపి చిల్లు మూస్తాడు. అంతసేపూ గుండె పని, ఊపిరితిత్తుల పని ఒక మెషీను చేస్తుంది. ఆ మెషీను నడిపేది నువ్వు. అంటే పంపు ఆపరేటరువి. దానికి పెర్ఫ్యూజనిస్టు అని ఒక పేరు పెట్టారు. మీ అత్తయ్య మూడుసార్లు పలకబోయి మానేసింది. పంపు నడిపేవాడంటే కాలేజీకి పరువు తక్కువ కాబోలు. నా షెడ్డులో పంపులు విప్పుతూ బతకనని నాతో పోట్లాడి వెళ్ళి, అన్నేళ్ళు చదివి, చివరికి మళ్ళీ పంపు దగ్గరే తేలావు. సంతోషం.

ఒక్కటి అడుగుతాను, తిన్నగా జవాబు రాయి. ఏ పంపయినా ముందు నీళ్ళు నింపకుండా స్టార్టు చేస్తే గాలి పట్టేసి మొరాయిస్తుంది. మరి నీ పంపు దేంతో నింపుతావు? ఎంత నింపుతావు? నింపిందంతా చివరికి ఎక్కడికి పోతుంది? మా పంపుల నీళ్ళయితే కాలవలోకి పోతాయి. ఐదు నెలల పిల్లలో కాలవ ఎక్కడుంది?

మీ మావయ్య
(చెవుడు మాత్రమే వచ్చింది, మతి పోలేదు)


ఫిబ్రవరి 7

మావయ్యా,

నువ్వు తిడుతున్నావంటే ఒంట్లో బాగానే ఉందని అర్థం. అత్తయ్యకి ఆ సంగతి చెప్పు, మందుల డబ్బా పట్టుకుని నీ వెంట తిరగడం మానేస్తుంది.

నువ్వు అడిగిన ప్రశ్న మా కాలేజీలో మూడో ఏడాది పరీక్షలో ఇచ్చారు. సగంమంది నీళ్ళు నమిలారు. నువ్వేమో షెడ్డులో స్టూలు మీద కూర్చుని అడిగేశావు. జవాబు ఇది. చిట్టెలుక ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే రెండు చిన్న గ్లాసులు. నా మెషీను గొట్టాలు నింపడానికి ఇంచుమించు అంతే కావాలి. కొంత దాతల రక్తం, మిగతాది ఉప్పు నీళ్ళలాంటిది. పెద్దవాళ్ళకయితే అది లెక్కలోకి రాదు. ఇంత పిల్లకి మాత్రం రక్తం పలచబడిపోతుంది. పైగా ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగి వచ్చిన రక్తం ఒంటికి కొత్తగా ఉంటుంది. రక్తనాళాల గోడలు వదులవుతాయి, నీరు కండలోకి ఊరుతుంది. ఒళ్ళు ఉబ్బుతుంది, ఊపిరితిత్తులు బరువెక్కుతాయి. అప్పుడే బాగుచేసిన గుండె ఆ బరువంతా మోయాలి.

కాలవ ఉంది మావయ్యా. బొటనవేలంత లావు ఫిల్టరు గొట్టం, దాని లోపల వెంట్రుకల్లాంటి వందల గొట్టాలు. రక్తం వాటి లోపలనుంచి పోతుంది, నీరు వాటి గోడల్లోంచి బయటికి వస్తుంది. గుండె సొంతంగా కొట్టుకోవడం మొదలుపెట్టాక, గొట్టాలు పీకేముందు, పిల్ల రక్తాన్ని ఓ పన్నెండు నిమిషాలు దానిగుండా తిప్పుతాను. పక్కన సీసాలో లేత పసుపు నీళ్ళు పడతాయి. రక్తం మళ్ళీ చిక్కబడుతుంది.

చిల్లు మూసేది మా పెద్ద సర్జన్. వెనకాల అందరం ఆయన్ని గడియారం అంటాం. ఆపరేషన్ అవగానే, 'ఎంతసేపు పట్టింది?' అని గాలిని అడుగుతాడు. గదిలో ఉన్నవాళ్ళమంతా బడిపిల్లల్లా ఒక్కసారిగా జవాబు చెప్పాలి. ఒక్క నిమిషం ఎక్కువ చెప్పామా, ఆ రోజంతా మొహం గంటు పెట్టుకుంటాడు. పోయిన వారం తన పాత రికార్డు దాటానని మిఠాయి పంచాడు. రోగికి అప్పటికింకా మెలకువ రాలేదు. ఎంత ఎగతాళి చేసినా ఆయన చెయ్యి మాత్రం మంచిదని ఒప్పుకోవాలి.

నీ మనవరాలి నీళ్ళు నేను తోడతాను. మాట ఇస్తున్నాను.

నీ పంపు ఆపరేటరు


ఫిబ్రవరి 13

ఒరే,

తోడతానన్నావు. సరే.

ఆ గడియారం గారి సంగతి మాత్రం నచ్చలేదు. వేగంగా పని చేసే మెకానిక్కుల్ని బోలెడుమందిని చూశాను. వాళ్ళు వెళ్ళిన మర్నాడే జనం నా షెడ్డు ముందు నిలబడేవాళ్ళు. పనిలో వేగం ఎవడికి కావాలిరా? పక్కనుంచి చూసేవాడికి కావాలి. చూసేవాడు లేకపోతే ఏ మెకానిక్కూ పరిగెత్తడు.

మీ మరదలు, అల్లుడు, పిల్ల ఇరవయ్యో తారీకున బయలుదేరతారు. అల్లుడు మంచివాడు, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. బ్యాగు సర్దడానికి మూడు రోజులు పట్టింది. అందులో పిల్ల బట్టలు తప్ప అన్నీ ఉన్నాయి.

నేను రావడం లేదు. గాజు తలుపు బయట నిలబడి లోపలికి తొంగిచూడటం నావల్ల కాదు. మీ అత్తయ్య నడుము నొప్పితో ఉంది, ఆవిణ్ణి ఒంటరిగా వదల్లేను కూడా. నువ్వు ఉన్నావుగా. మీ మరదలు కూడా అదే అంది. 'బావ లోపలే ఉంటాడు కదా నాన్నా' అని నవ్వింది. నెల రోజుల్లో అది నవ్వడం అదే మొదలు.

మావయ్య


ఫిబ్రవరి 23

గౌరవనీయులైన మావయ్య గారికి,

నమస్కారాలు. ఆపరేషన్ నిన్న ఉదయం జరిగింది. చిల్లు పూర్తిగా మూసుకుంది. గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఒంటికి కొద్దిగా నీరు పట్టింది. ఇంత చిన్న పిల్లల్లో ఇది సాధారణం. మందులు ఇస్తున్నారు. నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. మరదలు ధైర్యంగా ఉంది. నాకు డ్యూటీకి వేళయింది కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను. అత్తయ్య గారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ మేనల్లుడు


ఫిబ్రవరి 26

అయ్యా మేనల్లుడు గారూ,

తమరి 'గౌరవనీయులైన' చూడగానే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఒక్కసారి కూడా 'గారు' అనని వెధవవి, ఇవాళ రెండు నమస్కారాలు పెట్టావు. ఏం దాస్తున్నావు?

'కొద్దిగా నీరు' అట. 'సాధారణం' అట. నిన్న మీ మరదలు వాళ్ళమ్మకి ఫోను చేసింది. మీ అత్తయ్య ఫోను పెట్టేసి ఒక్కొక్క మాటా నా చెవిలో అరిచి చెప్పింది. పిల్ల కనురెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయట. మణికట్టు దగ్గర మడత కూడా లేదట. చర్మం నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోందట. 'అమ్మా, లోపల నా పిల్ల ఎవరో నాకు తెలియలేదు. మంచం నంబరు చూసి పోల్చుకున్నాను' అందట. ఉబ్బిన గుండెకి చోటు చాలదని ఛాతీ కూడా మూయలేదట, పైన పల్చటి పొర కప్పి ఉంచారట. ఇదా నీ కొద్దిగా?

ఏమయింది? మెషీను చెడిందా? ఫిల్టరు పూడుకుపోయిందా? లేకపోతే నువ్వు సెలవు పెట్టి ఇంకెవణ్ణయినా కూర్చోబెట్టావా?

ఇంకో మాట రాయాలా వద్దా అని పొద్దుటినుంచి ఆలోచిస్తున్నాను. రాసేస్తాను. 'షెడ్డులోంచి వెళ్ళేటప్పుడు మీరన్న మాటలు వాడు మనసులో పెట్టుకున్నాడేమో' అంది మీ అత్తయ్య. నేను ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. అరిచాక కూర్చుంటే, నాకూ అనుమానం వచ్చింది. పసిదాని మీద తీర్చుకునేవాడివి కాదు నువ్వు. కాదని రాయి. వెంటనే రాయి.

మావయ్య


మార్చి 1

మావయ్యా,

నీ ఉత్తరం చదివి మండిపోయి ఒక జవాబు రాశాను. అందులో నిన్ను అనాల్సినవన్నీ అన్నాను. తర్వాత చించేశాను. ఎందుకంటే జరిగింది నీ అనుమానం కన్నా హీనంగా ఉంది.

మెషీను చెడలేదు. ఫిల్టరు పూడుకుపోలేదు. నేను సెలవు పెట్టలేదు. గడియారం చిల్లు మూశాడు, గుండె కొట్టుకుంది. ఫిల్టరు తగిలించి సిద్ధంగా ఉంచాను.

"సార్, నీళ్ళు తీసేస్తాను. పన్నెండు నిమిషాలు" అన్నాను.

ఆయన గోడ మీది గడియారం వైపు చూశాడు. "యాభై ఎనిమిది నిమిషాల్లో ముగించాను. నీ పన్నెండు కలిపి డెబ్భై చెయ్యమంటావా?"

"పిల్ల ఐదు కిలోలు కూడా లేదు సార్."

"మందులిస్తే మూత్రంలో పోతాయయ్యా. పక్క గదిలో ఇంకొకళ్ళకి మత్తిచ్చి ఉంచారు. గొట్టాలు తీయించు."

ఆ పిల్ల మా మావయ్య మనవరాలని చెప్పొచ్చు. చెప్పలేదు. ఎవరి మనవరాలయినా తీయాల్సిన నీళ్ళే కదా అని వాదించొచ్చు. వాదించలేదు. గదిలో అందరూ నా వైపు చూశారు. "సరే సార్" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి ఒక్క క్షణం పట్టింది. ఆయనకి ఎంతో సమయం ఆదా చేశాను.

మందులు ఇచ్చారు. కిడ్నీలు మొండికేశాయి. గంటకి నాలుగు చుక్కలు కూడా రాలేదు. రెండు రోజులు చూసి, పొట్టలోకి సన్నని గొట్టం వేశారు. గంట గంటకీ పొట్టలోకి మందు నీళ్ళు వదలడం, కాసేపు ఉంచడం, మళ్ళీ బయటికి తీయడం. వదిలినదానికన్నా నాలుగు చెంచాలు ఎక్కువ వస్తే ఆ గంట గెలిచినట్టు. పెద్ద సిస్టర్ తడిసిన గుడ్డని కూడా తూచి కాగితం మీద వేస్తోంది. నిన్న నన్ను చూసి, "గంటలో నింపేసి వెళ్ళారు బాబూ. నేను ఐదు రోజులుగా తోడుతున్నాను" అంది. ఆవిడ నవ్వలేదు.

నీళ్ళు తీసినా వాచేదేమో. కొంతమంది పిల్లలు తీసినా వాస్తారు. ఇది అబద్ధం కాదు. రోజుకి ఇరవైసార్లు ఈ మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మరదలికి తెలియదు. నన్ను చూడగానే బెంచీ మీదనుంచి లేచి, "నువ్వు లోపలున్నావు కాబట్టి సరిపోయింది బావా" అంటుంది. ఆ మాట వినలేక వెనక మెట్లమీదనుంచి వెళ్ళిపోతున్నాను.

— నేను


మార్చి 4

నువ్వు పగబట్టావేమో అనుకున్నాను. పొరపాటు. పగ పట్టడానికి కూడా కొంచెం వెన్నెముక కావాలి.

నా షెడ్డులో పదిమంది ముందు నన్ను ఎదిరించిన నోరేనా ఇది? 'నీ పంపులూ వద్దు నువ్వూ వద్దు' అని వీధి చివరిదాకా వినపడేలా అరిచావు. అన్నం పెట్టిన మావయ్య మీద లేచిన గొంతు, చేతికి గ్లోవులు తొడుక్కున్నవాడి ముందు ఎక్కడికి పోయింది? ఆయన్ని వెనకాల గడియారం అంటారట. భలే మగాళ్ళు. ముందర అనలేనివాళ్ళంతా వెనకాల పేర్లు పెడతారు.

నాకు రాసి బరువు దింపుకున్నావా? చిరునామా తప్పు. ఆ సంగతి తెలియాల్సిన మనిషి నీకు ముప్ఫై అడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని ఉంది. వెళ్ళి చెప్పు. ముందు మెట్లమీదనుంచి వెళ్ళు.

దీనికి జవాబు రాయకు. చెప్పాక రాయి.


మార్చి 13

మావయ్యా,

చెప్పాను. ఆరో తారీకు పొద్దున్న. ఆస్పత్రి వరండాలో, నీ అల్లుడు గారు కాఫీ కోసం వెళ్ళినప్పుడు.

మరదలు అంతా విని, "ఇంతకుముందు ఎంతమందికి 'సరే సార్' అన్నావు బావా?" అంది.

"లెక్క లేదు" అన్నాను.

"వాళ్ళ అమ్మలకి తెలుసా?"

తెలియదని తల ఊపాను. తీసినా వాచేదేమో, ఖచ్చితంగా చెప్పలేమని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"కావచ్చు. ఆ 'ఏమో' నీకు. వాపు దానికి" అంది.

తర్వాత, "నాన్నకి తెలుసా? ఎప్పటినుంచి?" అని అడిగింది. నీకు రాసిన తేదీ చెప్పాను. అలా చెప్పడం నీకు ముప్పని అప్పుడు తోచలేదు. మొహం తిప్పుకుని, "ఇకనుంచి నువ్వు రాకు. పిల్ల సంగతి సిస్టర్‌ని అడిగి తెలుసుకుంటాను" అంది. నేను వెళ్ళడం లేదు.

చిట్టెలుక సంగతి సిస్టరే నాకూ చెబుతోంది. మూడో తారీకు నుంచి మూత్రం ధారగా వస్తోంది. ఐదున ఛాతీ మూశారు. ఏడున రెప్పలు విడిపోయాయి. పదిన ఊపిరి గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయి ఏడుపు పిల్లికూతలా ఉందట.

ఎనిమిదో తారీకు సంగతి కూడా రాయాలి. మూడు నెలల పిల్లవాడు, అలాంటి చిల్లే. ఆపరేషన్ అయింది, గుండె కొట్టుకుంది.

"గొట్టాలు తీయించు" అన్నాడు గడియారం.

"పన్నెండు నిమిషాలు ఆగాలి సార్."

"తీయించమన్నాను."

"తీయించను సార్."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ధీరుడిలా ఏమీ లేదు, కీచుగా వచ్చింది. మత్తు డాక్టరు తన మానిటర్ల తెరలు చూసుకుంటూనే, "నాకేం తొందర లేదు" అంది. ఆవిడ ఆ మూడు ముక్కలూ అనకపోతే ఏమయ్యేదో తెలియదు. గడియారం చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన జీవితంలో ఆ గోడని అంత అసహ్యంగా ఎప్పుడూ చూసి ఉండడు. సీసాలోకి నీళ్ళు వచ్చాయి. పిల్లవాడికి పెద్దగా వాపు రాలేదు, మూడో రోజు పాలు తాగాడు. అది నావల్లేనని చెప్పుకోలేను. అంతే, వాడు బాగున్నాడు.

మర్నాడు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఆపరేషన్ల పట్టికలోంచి నా పేరు కొట్టేశారు. ఇప్పుడు స్టోరులో కూర్చుని గొట్టాల ప్యాకెట్ల మీద గడువు తేదీలు చూస్తున్నాను. నా తర్వాత మెషీను దగ్గర కూర్చున్నవాడు "సరే సార్" అంటున్నాడో లేదో నాకు తెలియదు.

నీ మేనల్లుడు


ఏప్రిల్ 2

మావయ్యా,

మూడు వారాలయింది, నీనుంచి ఒక్క తిట్టు కూడా లేదు. పిల్లని ఇంటికి పంపారని సిస్టర్ చెప్పింది. అత్తయ్య ఫోను ఎత్తి, బాగానే ఉందని మాత్రం చెప్పి పెట్టేసింది. నువ్వు నన్ను వదిలేశావనుకుంటున్నాను. అయినా ఇది రాయకుండా ఉండలేను, ఎందుకంటే దీనికి నువ్వు నవ్వినట్టు ఇంకెవరూ నవ్వలేరు.

పెద్ద సిస్టర్ రెండు కాగితాలు తీసుకెళ్ళి గడియారం బల్లమీద పక్కపక్కన పెట్టింది. ఒకటి చిట్టెలుకది, గంట గంటకీ రాసింది, బల్ల అంచు దాటి వేలాడింది. రెండోది ఆ పిల్లవాడిది, అరచేతి పొడుగు. పెట్టి వార్డుకి వచ్చేసిందట. ఆయన నిలబడే చదివాడట. ఆ తర్వాతి సోమవారం పట్టికలో నా పేరు మళ్ళీ కనిపించింది. క్షమాపణ లేదు, సంజాయిషీ కాగితం సంగతి లేదు, అసలేమీ జరగనట్టే.

నిన్న డాక్టర్ల సభ. గడియారం వేదిక ఎక్కి ఏమన్నాడో చెప్పనా? "మా దగ్గర చిన్నపిల్లలందరికీ చివర్లో నీళ్ళు తీయడం తప్పనిసరి. పన్నెండు నిమిషాలు ఆగలేనివాడు సర్జనే కాదు." చప్పట్లు మోగిపోయాయి. నేను వెనక వరుసలో కూర్చుని ఆయన మొహం చూశాను. పూర్తిగా నమ్మి మాట్లాడుతున్నాడు మావయ్యా. ఎప్పుడూ అలాగే చేశానని ఆయనకి నిజంగానే జ్ఞాపకం. నేనూ చప్పట్లు కొట్టాను. నన్ను నేనే అసహ్యించుకుంటూ కొట్టాను, కానీ కొట్టాను. ఇకనుంచి ఆగుతాడు కదా.

పిల్లని చూడాలని ఉంది. రావచ్చా?

— నేను


ఏప్రిల్ 9

ఒరే,

నవ్వాను. మీ అత్తయ్య కంగారుపడి మంచినీళ్ళు తెచ్చేంత నవ్వాను. నీ గడియారం గారికి సిగ్గన్నది పుట్టుకతోనే లేదు. పోనీలే. రేపు ఇంకో ఊళ్ళో ఆ చప్పట్ల కోసమయినా ఇంకొకడు ఆగుతాడు. అలాంటివాళ్ళతో మంచి పని చేయించాలంటే అది వాళ్ళకే తోచిందని నమ్మించాలి కాబోలు. ఆ విద్య నాకు రాలేదు, నీకయినా వస్తే నేర్చుకో.

రాయకపోవడానికి కారణం నీ మీద కోపం కాదు. ఇంట్లో నా పరిస్థితి బాగాలేదు.

మీ మరదలు ఇంటికి వచ్చిన రోజే నన్ను నిలదీసింది. 'నీకు ముందే తెలుసు' అంది. నిన్ను చెప్పమని రాశానుగా అన్నాను. 'వాణ్ణి చెప్పమని రాశావు. నువ్వెందుకు చెప్పలేదు? ఫోను వినపడదు, సరే. బస్సు ఎక్కలేవా నాన్నా? అమ్మ నడుము నొప్పికి పక్కింటావిడ తోడుంటానంది. అది లోపల అలా పడి ఉంటే, నువ్విక్కడ కూర్చుని బావ పిరికివాడని ఉత్తరాలు రాశావు' అంది.

అది చెప్పింది నిజం. గాజు తలుపు బయట నిలబడటం నావల్ల కాదని నీకు పెద్ద మగాడిలా రాశాను. నిజం చెప్పనా? భయం. చచ్చేంత భయం. నీ మీద ఎంత గట్టిగా కేకలు వేస్తే అంత తక్కువ వినపడింది అది. ఇద్దరం ఒక్క తానులో గుడ్డలమేరా. నువ్వయినా రెండోసారి నోరు తెరిచావు.

చిట్టెలుక సన్నబడింది కానీ గొంతు బలంగా ఉంది. సీసా ఖాళీ చేసి ఇంకా కావాలని వీధి వీధంతా లేపుతోంది. ఛాతీ మీద నిలువుగా గీత. ఒళ్ళు తుడిచేటప్పుడు మీ అత్తయ్య ఆ గీత దగ్గరికి వచ్చేసరికి చూపు పక్కకి తిప్పుకుంటుంది. మీ మరదలు తిప్పుకోదు.

రావచ్చా అని అడిగావు. రమ్మనడానికి నాకేం హక్కు ఉంది? దాన్ని అడిగాను. చాలాసేపు పిల్లని భుజం మీద వేసుకుని అటూ ఇటూ నడిచింది. 'రమ్మను. పిల్లని చూపిస్తాను. మాట్లాడమని మాత్రం ఇద్దరూ నన్ను అడక్కండి' అంది. ఇద్దరూ అంటే రెండోవాణ్ణి నేనే.

ఆదివారం పొద్దున్నే రా. సంజాయిషీలేవీ తయారుచేసుకుని రాకు. నువ్వు వచ్చావని తెలిసినా మీ మరదలు వెంటనే బయటికి రాదు. మనిద్దరం వసారాలో కూర్చుందాం. లోపల పిల్ల ఏడుపు వినపడుతుంది, లేవబోతావు. లేవకు. అది పిలిచేదాకా ఆగు. ఎంతసేపయినా ఆగు.

మావయ్య